సెకండాఫ్ ఎక్కించిన క్యాసెట్

హాకీ మీద నాకున్నది ఆడినవాడి పిచ్చి కాదు, విన్నవాడి పిచ్చి. జన్మలో కర్ర పట్టి ఎరగను. కానీ రేడియోలో ఆట ఎవరు చెబుతున్నారు, ఎలా చెబుతున్నారు అన్న సంగతి వచ్చిందంటే ఎంతటివాడితోనైనా కలబడేవాణ్ణి. నాకు నోరెక్కువ. మా గుంటూరు వైపు వాళ్ళకు ఆ పేరు ఎలాగూ ఉంది, నా వంతు లోటు నేనూ రానివ్వలేదు.

డెబ్భయిల నడుమ ఒమాన్‌లో, సీబ్ విమానాశ్రయం దాటాక ఒక రోడ్ల కంపెనీ క్యాంపులో స్టోర్‌కీపర్‌గా చేశాను. రేకుల గదులు, గదికి ఎనిమిది మంచాలు. మా గదిలో అందరం తలా కాస్త వేసుకుని మత్రా బజారులో కొన్న టూ-ఇన్-వన్ ఒకటుండేది. రేడియో, క్యాసెట్ రెండూ ఒకే పెట్టెలో. దాన్ని తలకిందులుగా పెట్టిన చెక్క డబ్బా మీద కూర్చోబెట్టి, ఇసుక పడకుండా తువ్వాలు కప్పి, కిటికీ ఊచకు ఏరియల్ తీగ కట్టి, చంటిపిల్లలా చూసుకునేవాళ్ళం.

కామెంటరీల విషయంలో నాకు సరిజోడు హైదరాబాదు నుంచి వచ్చిన ట్యాంకర్ డ్రైవర్. అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ అంతే. మన రేడియోలో ఆటను కాసేపు హిందీలో ఒకాయన, కాసేపు ఇంగ్లీషులో ఒకాయన చెప్పేవారు. భాయ్‌ది హిందీ ఆయన పార్టీ, నాది ఇంగ్లీషాయన పార్టీ.

“మీ హిందీ ఆయన బంతికన్నా ముందు తనే పరిగెడతాడు భాయ్. ప్రతి బంతీ గోలే అన్నట్టు కేకలు. చివరికి చూస్తే ఏముంది, బంతి బయటికి పోయి ఉంటుంది” అనేవాణ్ణి.

“క్యా మియా! నీ ఇంగ్లీషాయన గోల్ అయినంక చాయ్ తాగి, మూతి తుడ్సుకొని, అప్పుడు చెప్తడు. ఆట వింటున్నమా, వార్తలు వింటున్నమా?” అనేవాడు భాయ్.

నాకు ఒక సిద్ధాంతం ఉండేది. మాటలు అర్థం కానక్కర్లేదు, గొంతు చాలు. బంతి ఎవరి దగ్గరుందో, గోల్ రాబోతోందో లేదో చెప్పేవాడి ఊపిరిలోనే తెలుస్తుంది అని నా వాదన. ఒకసారి భాయ్ పందెం కాసి, అరబ్బీ రేడియోలో ఏదో ఫుట్‌బాల్ ఆట పెట్టాడు. నాకు అప్పటికి అరబ్బీలో సలాములు తప్ప ఇంకేమీ రావు. కళ్ళు మూసుకుని విని, “ఇప్పుడు పడుతుంది” అన్నాను. పడింది. గదంతా ఈలలు. ఆ దెబ్బతో నేను గొంతు పట్టి సంగతి చెప్పే సిద్ధుణ్ణయిపోయాను క్యాంపులో. కాకతాళీయం అని నాకు లోపల తెలుసు. ఎవరితోనన్నా అన్నానా? అబ్బే.

ఆ ఈలల్లో పక్క మంచం మేస్త్రీది కూడా ఒకటి. కరీంనగర్ వైపు మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. కల్వర్టులకు రాయి కట్టే పని. నన్ను సారూ అనేవాడు. ఆటంటే ఆయనకు పెద్ద పట్టు లేదు గానీ మా ఇద్దరి పోట్లాటంటే మహా ఇష్టం. మేం రాజీ పడబోతున్నామనిపిస్తే మధ్యలో ఏదో ఒక పుల్ల వేసి మళ్ళీ రాజేసేవాడు.

ఇక క్యాసెట్ల సంగతి. ఆ రోజుల్లో క్యాంపులో ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. ఊళ్ళో ఇంటివాళ్ళంతా టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని మాట్లాడి, ఇటు వచ్చేవాడి చేతికిచ్చేవారు. ఇక్కడ విని, దానిమీదే జవాబు ఎక్కించి, సెలవు మీద పోయేవాడి చేతికి ఇచ్చి పంపేవాళ్ళు. ఒకే క్యాసెట్ పోతూ వస్తూ ఉండేది. ఇంటివాళ్ళ మాటల్ని మన మాటలు చెరిపేసేవి, మన మాటల్ని వాళ్ళవి. ఎవరికీ అందులో తప్పనిపించేది కాదు. గదిలో ఒక పద్ధతి మాత్రం ఉండేది: ఇంకా వినని క్యాసెట్ ఎవరి పెట్టెలో వాళ్ళు దాచుకోవాలి. మిషన్‌లో ఉన్నదంటే వినేసినట్టు, ఎవరైనా వాడుకోవచ్చు.

మేస్త్రీకి వచ్చే క్యాసెట్లలో అన్న మాట్లాడేవాడు, తండ్రి మాట్లాడేవాడు, దాయాదులు కూడా మాట్లాడేవారు. భార్య మాత్రం మాట్లాడేది కాదు. అంతమంది మగవాళ్ళ ముందు నోరెలా విప్పుతుంది? వెనక గాజుల చప్పుడు వినపడితే, “గదే, గదే ఆమె” అని మురిసిపోయేవాడు. మేం ఏడిపించేవాళ్ళం.

ప్రపంచ కప్పు హాకీ ఫైనల్‌కు ముందు రోజు, శుక్రవారం, ఆయనకు ఒక క్యాసెట్ వచ్చింది. గదిలో అందరం ఉన్నాం. ఒక వైపు అంతా అన్న గొంతే. ఆ వైపు అయిపోయాక తిప్పి వేశాడు. గరగర మని, సన్నగా ఒక ఆడగొంతు, “ఇంటున్నవా... నేను” అంది.

మేస్త్రీ ఉలిక్కిపడి బొత్తాం నొక్కేశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. గదంతా గొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది నేనే.

“వినిపించు మేస్త్రీ, మేమూ వింటాం” అన్నాను.

“ఏ, పో సారూ. ఒక్కతే కూసోని మాట్లాడింది ఈసారి. గీ బాజు మొత్తం ఆమెదే. రూమ్ ఖాళీ ఉన్నప్పుడు ఇనుకుంట” అన్నాడు.

టేపు మొదటికి తిప్పి, క్యాసెట్‌ను మిషన్‌లోనే ఉంచి తువ్వాలు కప్పాడు. గది ఖాళీ అయిన క్షణంలో బొత్తాం నొక్కితే చాలు, వినేయొచ్చునని ఆయన ఆశ. ఎనిమిది మంది ఉన్న గది ఖాళీ అయ్యేదెప్పుడు? ఆ రాత్రి కాలేదు. తెల్లారగానే ట్రక్కెక్కి సైట్‌కు పోయాడు.

ఆ మధ్యాహ్నమే ప్రపంచ కప్పు హాకీ ఫైనల్. మనకూ పాకిస్తాన్‌కూ. భోజనం వేళకు స్టోర్ మూసి గదికి పరిగెత్తాను. భాయ్ అప్పటికే ట్యాంకర్ నీడలో పడేసి వచ్చి ఏరియల్ తీగ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తీగ వదిలితే గొంతు మునిగిపోయేది, పట్టుకుంటే తేలేది. పాపం, సగం ఆట అలా నిలబడే విన్నాడు.

మొదటి సగంలో వాళ్ళు గోల్ కొట్టారు. భాయ్ తీగను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. రెండో సగం మొదలైన కాసేపటికి మనవాళ్ళు సమం చేశారు. భాయ్ పెట్టిన కేకకు వంటశాలలో బలూచీ వంటవాడు గరిటె విసిరేశాడు. “మియా, ఎక్కించు! టేప్ ఎక్కించు!” అని భాయ్ అరిచాడు. ఒళ్ళు తెలియలేదు నాకు. మిషన్‌లో క్యాసెట్ ఉంది. రెండు బొత్తాలూ కలిపి నొక్కాను.

నిన్నటి సంగతి నాకు గుర్తు లేదని అనలేను. నొక్కేటప్పుడు ‘ఈ క్యాసెట్ ఎవరిదో’ అన్న ఆలోచన ఈగలా ఒకసారి వచ్చి వాలింది. తోలేశాను. మిషన్‌లో ఉన్నది వాడుకోవచ్చు గదా అనుకున్నాను, అంతే. ఇంతలో మనవాళ్ళ రెండో గోల్. ఆ తరవాత ఆట అయిపోయేవరకు పడ్డ నరకం ఇంతా అంతా కాదు. చివరి ఈల మోగగానే భాయ్ టూ-ఇన్-వన్‌ను చంకనెత్తుకుని గంతులేశాడు. ప్లగ్గు ఊడి అంతా ఆగిపోయింది.

సాయంత్రం ట్రక్కు దిగుతున్న వాళ్ళకు మేమే ఎదురెళ్ళి చెప్పాం. మేస్త్రీ భుజాల మీద చేతులేసి గదిలోకి లాక్కొచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, టేపు వేశాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు చూడండి, ఎంత కొవ్వో! ఆయన మిషన్ వంక చూశాడు. మిషన్ పక్కన వేరే క్యాసెట్ లేదని చూశాడు.  హిందీ ఆయన గొంతు చించుకుంటుంటే అందరితోపాటు ఎక్కినంతవరకూ ఆట విన్నాడు. రెండో గోల్‌కు చప్పట్లు కూడా కొట్టాడు.

ఈల మోగింది. టక్ మని చప్పుడు. ఆ వెంటనే ఆడగొంతు వినపడింది: “...గందుకే జెప్తున్న...”

మేస్త్రీ లేచి ఆపేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. భాయ్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. 

“మేస్త్రీ... ఇంకా వినలేదా నువ్వు?” అన్నాను.

“యాడ ఇన్న సారూ” అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. క్యాసెట్ తీసి తన ట్రంకు పెట్టెలో పెట్టుకుని స్నానానికి పోయాడు.

తరవాతి శుక్రవారానికి మా దగ్గర ఆ ఆట టేపు ఉందన్న వార్త చుట్టుపక్కల క్యాంపులన్నింటికీ పాకింది. పొద్దున్నే జనం దిగారు. టేపు ఇవ్వనని మేస్త్రీ అంటాడేమో, అంటే బాగుండు అనుకున్నాను. ఆయనే తెచ్చి వేశాడు. ఎక్కడ ఆపాలో తెలుసు కనక బొత్తాం పక్కనే కూర్చున్నాడు. మేం మళ్ళీ మళ్ళీ విన్నాం. వినేకొద్దీ పోట్లాట ముదిరింది. రెండో గోల్ దగ్గర హిందీ ఆయన కేక ముందా, మైదానంలో జనం కేక ముందా? ముందే అరిచాడు కనక అది మోసమని నేను. “ముందే తెలిసినోడే ఉస్తాద్” అని భాయ్. కేరళ వాళ్ళు నా వైపు, పంజాబీలు భాయ్ వైపు. ఎంత సరదాగా గడిచిందో చెబితే సిగ్గుగా ఉంటుంది. నిజంగానే సరదాగా గడిచింది. మధ్యమధ్య మేస్త్రీ మొహం మీద చూపు పడేది. చూపు తిప్పుకుని మళ్ళీ అరిచేవాణ్ణి.

జనం పోయారు. మా గదివాళ్ళు కూడా సముద్రం వైపు వెళ్ళారు. మేస్త్రీ తలుపు దగ్గరికి వేసి, నన్నూ భాయ్‌నూ కూర్చోమన్నాడు.

“గొంతు బట్టి చెప్తనంటివి గద సారూ. జర ఇది ఇని చెప్పు” అన్నాడు.

ఆట ముగిసిన చోటి నుంచి టేపు వదిలాడు. మిగిలినది మూడు నాలుగు నిమిషాలుంటుందేమో.

“...గందుకే జెప్తున్న. అందరి ముంగట నన్నేం అడుగకు. మీ అన్నకు, మీ నాయినకు ఎరుక లేదు నేనిది నిన్ను అడుగుతున్ననని. సరె అంటె సరె అను, వద్దంటె వద్దను. గంతే. నాకు సమజైతది. నువ్వెట్లంటె అట్ల.” కాసేపు గరగర. “పిల్లలు మంచిగున్నరు. చిన్నది నీ బనీను కప్పుకోని పంటది.” చిన్న నవ్వు. “ఉంట మరి.”

మేస్త్రీ ఆపాడు. “ఏమడిగిందో తెల్వది. ఏమని జెప్పాలె?”

“మళ్ళీ అడుగు. తుడిచిపెట్టుకు పోయిందని చెప్పు” అన్నాను.

“ఎట్లడుగుత సారూ? నా క్యాసెట్ ఇంటిల్లిపాది ఇంటరు. ఉత్తరం రాస్తె మా అన్ననే సదువుతడు. నేనడిగితె ఆమె నాతోని చాటుకు మాట్లాడిందని తెలుస్తది. అయినా, మొదటిసారి నోరిప్పింది. నీ మాట ఇనలే, ఆట ఎక్కిచ్చుకున్న అంటె మళ్ల మాట్లాడతదా?”

మర్నాడు వాళ్ళ ఊరివైపు మనిషి ఒకడు సెలవు మీద పోతున్నాడు. అతని చేతికి జవాబు ఇవ్వాలి. మళ్ళీ ఎప్పుడు ఎవరు పోతారో తెలియదు.

“మళ్ళీ వెయ్యి” అన్నాను. వేశాడు. కళ్ళు మూసుకున్నాను. నేరం చేసినవాడికి మంచి చేసే అవకాశం దొరికితే ఎంత ఆబగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ క్షణంలో నాకు ఆమె ఏమంటోందన్న దానికన్నా, ఇది మంచి సంగతి కావాలన్న దాని మీదే ధ్యాస. మంచి సంగతయితే నా తప్పు తేలికవుతుంది.

“చివర నవ్వింది గదా మేస్త్రీ. గొంతులో బరువు లేదు, తొందర లేదు. ఏదో సంతోషంగా అడిగిన సంగతే. బర్రెను కొంటాననో, ఇంటిముందు పందిరి వేయిస్తాననో అయి ఉంటుంది” అన్నాను.

“హా మియా, ఖుషీ ఉంది గొంతుల. చివర్ల మెత్తగయింది సూడు, గెలిచినోళ్ళ గొంతు అట్లనే ఉంటది” అన్నాడు భాయ్.

కామెంటరీ విషయంలో మేమిద్దరం ఏకీభవించింది ఆ ఒక్కసారే.

మేస్త్రీ నమ్మలేదు, వెంటనే నమ్మలేదు. “నాకైతె గా నవ్వు కొత్తగ ఇనిపిస్తుంది సారూ. ఆమె గట్ల నవ్వది.”

“టేపులో ఎవరి గొంతైనా అలాగే ఉంటుంది మేస్త్రీ. నీ గొంతు వింటే నీకే కొత్తగా ఉంటుంది” అని కొట్టిపారేశాను. పెళ్ళాం నవ్వు మొగుడికి తెలియదని మొగుడికే నచ్చజెప్పాను!

పాత క్యాసెట్ మీద జవాబు ఎక్కిస్తే ఆట పోతుంది, ఆమె మాటల్లో మిగిలిన ముక్క కూడా పోతుంది. అందుకని మత్రాకు పోయి కొత్త క్యాసెట్ నేనే కొని తెచ్చాను. మేస్త్రీ అందరినీ పేరుపేరునా అడిగాడు, ఎండల గురించి చెప్పాడు, పిల్లల్ని జాగ్రత్త అన్నాడు. అన్నీ అయ్యాక గొంతు సవరించుకుని, “సరె” అన్నాడు. వినేవాళ్ళకు అది ముగింపు మాటలా ఉంటుంది. ఆమెకు మాత్రం అర్థమవుతుంది.

ఎండాకాలం ముదిరాక జవాబు వచ్చింది. రేకులు కాలిపోతున్న శుక్రవారం మధ్యాహ్నం, అందరూ మసీదు వైపూ బజారు వైపూ పోయిన వేళ చూసి, మేస్త్రీ మమ్మల్నిద్దర్నీ మళ్ళీ పిలిచాడు. భాయ్ నమాజు నుంచి తిన్నగా వచ్చాడు, టోపీ కూడా తీయలేదు. “బర్రెనా, పందిరా?” అని నేను నవ్వుతూ కూర్చున్నాను.

ఒక వైపు అన్న గొంతు. వానలు పడలేదన్నాడు, బావి పూడిక తీయించామన్నాడు. ఆ తరవాత మామూలుగా, “చిన్నదాన్ని మీ వదినోళ్లు తీస్కపోయి సాదుకుంటున్నరు. పిల్లలు లేరాయె వాళ్లకు. నువ్వు సరె అన్నవని మరదలు జెప్పింది. మంచిగనే అయింది తియ్యి. కొత్త బట్టలు పెట్టి, పది మందికి అన్నం పెట్టి తోల్కపోయిన్రు” అన్నాడు.

వదినోళ్ళంటే మేస్త్రీ భార్య అక్కా బావా. ఆ సంగతి నాకు భాయ్ చెవిలో చెప్పాడు. మేస్త్రీ మిషన్ వంకే చూస్తున్నాడు.

క్యాసెట్ తిప్పి వేశాడు. అవతలి వైపు చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. మాట్లాడలేదనే అనుకున్నాం. చివరికి వచ్చింది.

“ఇంటున్నవా. కొత్త క్యాసెట్ పంపినవు. పాతదేమాయె అని మీ అన్న అడిగిండు. నాకెరుకే అనుకున్న మనసుల. నా మాటలున్నయని దాసుకున్నవు.” గాజుల చప్పుడు. “నువ్వు వద్దంటవనుకున్న. వద్దనే అంటవని, గా ధైర్నంతోనే మా అక్కకు ఆయిననే అడుగుత అని జెప్పిన. సరె అన్నవు. నువ్వన్నంక నేనేమంట. నీ బనీను గుడ దానెంబడే పంపిన. అది లేకుంటె నిద్రపోది.”

నవ్వలేదు ఈసారి. అయినా గొంతు అచ్చం అలాగే ఉంది. అదే మెత్తదనం, అదే నిదానం. ఆ రోజు నేను కళ్ళు మూసుకుని సంతోషమని చెప్పిన గొంతు అదే.

భాయ్ టోపీ తీసి మడతపెట్టి మళ్ళీ విప్పాడు. నేను, “మేస్త్రీ, వెంటనే జవాబు పంపుదాం. పొరపాటని చెబుదాం. నేనే మాట్లాడతాను, నేనే చేశానని చెబుతాను” అని గుక్క తిప్పుకోకుండా వాగాను.

“పది మందికి అన్నం బెట్టి ఇచ్చినంక మళ్ల అడుగుతమా సారూ? వాళ్లు పరాయోళ్లా? ఇగ రెండిండ్లు ఒకల మొఖం ఒకలు సూస్కోవద్దా?” అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. ఇటుక మీద ఇటుక పెట్టినట్టు ఒక్కో మాటా పెట్టాడు. “ఇంకోటి, నేను నా పిల్లను ఇచ్చిన అనుకుంటుంది ఆమె. ఇనకుండ ఇచ్చిన అని తెలిస్తె ఎట్లుంటది ఆమెకు?”

 బయట వంటవాడు గిన్నెలు తోముతున్న చప్పుడు. ఇంకో గంటలో, ప్రతి శుక్రవారం లాగే, జనం ఆట టేపు వినడానికి వస్తారు. పాత క్యాసెట్ అప్పటికే డబ్బా మీద తీసిపెట్టి ఉంది, పొద్దున ఆయనే పెట్టాడు.

మేస్త్రీ టేపును కొంచెం వెనక్కి తిప్పి, ఆమె చివరి మాటలు మళ్ళీ వేశాడు. అయ్యాక నా వైపు తిరిగాడు.

“సారూ, జర జెప్పు. కోపం మీదున్నదా నా మీద?”

వెటకారం కాదు. నన్ను దెప్పడానికీ కాదు. నిజంగానే అడిగాడు. ఆమె గొంతు చదవడానికి ఆ గదిలో ఆయనకు నేను తప్ప ఇంకెవరూ లేరని ఇంకా నమ్ముతున్నాడు.

“నాకు తెలియదు మేస్త్రీ” అన్నాను.

“మళ్లొకసారి ఏస్త” అని బొత్తాం మీద వేలు పెట్టాడు.